జాబ్‌కార్డు మీద కుంకుమ

నాకు కోపం ఎక్కువని మా వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చెప్పేవారట. నిజమే. రాజమండ్రిలో ఒక కార్ల షోరూమ్ వెనక రేకుల షెడ్డులో మెకానిక్కుగా చేరి, ముప్పై నాలుగేళ్ళ తర్వాత అదే షెడ్డులోంచి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. అన్నేళ్ళూ అరుస్తూనే ఉన్నాను. చక్రం బోల్టు వదులుగా వదిలేసినవాడి మీద అరిచాను, బ్రేకు నూనె అంటుకున్న చేత్తోనే సీటు తుడిచినవాడి మీద అరిచాను. వాటిలో ఒక్కదానికీ నేను బాధపడను. కానీ ఒకరోజు అరవకూడని మనిషి మీద అరిచాను. అరిచి ఊరుకోకుండా దాన్ని కాగితం మీద కూడా రాశాను. రిటైరై ఏడాది దాటింది, బీపీ మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను, అయినా ఆ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట నా మీదే.

ఈ కొత్త రకం బండ్ల మీద పని నేర్చుకుంటున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే కాస్త ఓపిక పట్టండి. ముసలాడి సోది అనుకున్నా సరే, చివరిదాకా చదివి అనుకోండి.

ప్లగిన్ హైబ్రిడ్ అనే బండి మా షోరూమ్‌లో అమ్ముడవడం అదే మొదటిసారి. మీకు తెలిసిందే అయినా, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ బండిలో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, ఓ మోస్తరు బ్యాటరీ కూడా ఉంటుంది. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేస్తే మర్నాడు మండపేట నుంచి రాజమండ్రికి చుక్క పెట్రోలు కాల్చకుండా రావచ్చు. బ్యాటరీ అయిపోతే ఇంజను అందుకుంటుంది, బండి ఆగిపోదు. చెప్పుకోవాలంటే ఇంతే. కానీ మా సేల్స్ కుర్రాడు కొనేవాళ్ళకి చెప్పింది ఇది కాదు.

“కరెంటు పెడితే కరెంటు మీద, పెట్టకపోతే పెట్రోలు మీదండి. అసలు మీరు దేన్నీ పట్టించుకోనక్కర్లేదండి” అన్నాడు.

దేన్నీ పట్టించుకోనక్కర్లేని యంత్రం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆ మాట నేను పక్కనుంచి విన్నాను. విని నవ్వుకుని టీ తాగడానికి పోయాను. అప్పుడే అరిచి ఉంటే నా కోపానికి ఒక అర్థం ఉండేది.

కొన్నాయన మండపేటలో రైసుమిల్లు యజమాని. మిల్లు పక్కనే ఇల్లు. మాట మెత్తన, మనిషి కూడా చెడ్డవాడు కాదు. అలాంటి బండి ఇచ్చే ముందు కంపెనీవాళ్ళు ఒక ఫారం పూర్తి చేయమంటారు. వర్క్‌షాపు నుంచి ఒక మనిషి కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి, బండి పెట్టే చోట సాకెట్టు ఎలా ఉంది, వైరు ఎంత లావుంది, ఎర్తు ఉందా లేదా చూసి, మీటరు పెట్టి కొలిచి, టిక్కులు పెట్టి సంతకం చేయాలి. ఆ మనిషిని నేనే.

ఆ వేళ నెలాఖరు. నెలలోపల బండి బయటికి పోవాలి, లేకపోతే మా మేనేజరు గారికి పైనుంచి అక్షింతలు పడతాయి. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలిగిపోయిన ఇంగ్లీషు. ఫారం నా బల్ల మీదికి వచ్చేసరికే టిక్కులన్నీ పెట్టేసి ఉన్నాయి.

“ఇల్లు చూడకుండా సంతకమేంటండీ?” అన్నాను.

“మిల్లు నడిపేవాళ్ళకి కరెంటు సరిగ్గా లేకుండా ఉంటుందాండీ? రేపో ఎల్లుండో ఎలాగూ అటు వెళ్తారుగా, అప్పుడు చూద్దురుగాని. ముందు పెట్టేయండి” అన్నాడు.

పెట్టేశాను. రేపూ రాలేదు, ఎల్లుండీ రాలేదు. నేను మండపేట వెళ్ళలేదు.

ఆ బండికి డ్రైవరు ఒకడున్నాడు. నలభై ఏళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. మిల్లులో లారీ తోలి, పనితనం నచ్చి ఓనరు గారి కారు మీదికి వచ్చాడు. బండి తీసుకోవడానికి వచ్చిన రోజు అందరూ ఫోటోలు దిగుతుంటే అతను మాత్రం మాన్యువల్ పట్టుకుని బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. ఛార్జింగ్ మూత ఎలా తెరవాలి, వైరు ఎలా చుట్టాలి, వానలో పెట్టొచ్చా అని నన్ను అడిగింది అతనొక్కడే. “ఇంత ఖరీదు బండి నా చేతికి ఇచ్చారండి, తెలుసుకోపోతే ఎలాగండి?” అన్నాడు. అడిగినవాటికి సగం జవాబులు చెప్పాను. మిగతా సగం నాకే తెలియదు, ఆ మాట మాత్రం ఒప్పుకోలేదు.

మూడో రోజు శుక్రవారం. బండిని పిఠాపురం తీసుకెళ్ళి పూజ చేయించారు. పూజారి గారు స్టీరింగు మీద, బానెట్ మీద, నాలుగు చక్రాలకీ బొట్లు పెట్టాక, ఈ డ్రైవరే ఛార్జింగ్ మూత తెరిచి చూపించాడట. “పంతులు గారూ, ఇక్కడ కూడా పెట్టండి. దీని ప్రాణమంతా ఇక్కడేనండి.” ఆయన పసుపునీళ్ళు చిలకరించి, కుంకుమ దట్టంగా పెట్టారు.

వారం తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. ఛార్జింగ్ ఎక్కడం లేదు, ఎర్ర లైటు వెలుగుతోంది.

ఛార్జింగ్ వైరు మధ్యలో చిన్న పెట్టె ఒకటుంటుంది. దానికి కాస్త తెలివి ఉంది. గోడ సాకెట్టులో అన్నీ సవ్యంగా ఉంటే పచ్చ లైటు వేసి కరెంటు పంపిస్తుంది. ఏదో ఒకటి తేడాగా ఉంటే ఎర్ర లైటు వేసి మొండికేస్తుంది. తేడా బండిలో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు, ఇంట్లో ఉండొచ్చు. మూడు చోట్లా చూడాలి. ఇది నాకు బాగా తెలుసు. నేను పిల్లలకి చెప్పే పాఠమే అది.

డ్రైవరు బండిని వర్క్‌షాపుకి తెచ్చాడు. నేను ఛార్జింగ్ మూత తెరిచాను. లోపల పిన్నుల మధ్య కుంకుమ గడ్డకట్టి ఉంది. పసుపునీళ్ళు ఎండి చారలు కట్టాయి.

నా నెత్తిన అగ్గి రాజుకుంది. అప్పుడు షెడ్డులో పదిహేను మంది దాకా ఉన్నారు. మెకానిక్కులు, బండ్లు కడిగేవాళ్ళు, సర్వీసు కోసం కూర్చున్న ఇద్దరు ముగ్గురు కస్టమర్లు, గాజు తలుపు దగ్గర మా మేనేజరు గారు.

“ఎవడు పెట్టాడయ్యా ఇది?” అని అరిచాను.

“నేనే పెట్టించానండి” అన్నాడు.

“ఇది బండి అనుకున్నావా, గుడి గడప అనుకున్నావా? ఇంకా నయం, కొబ్బరికాయ కూడా దీని మీదే కొట్టలేదు. కరెంటు పోవాల్సిన చోట కుంకుమ పోస్తే ఛార్జింగ్ ఎక్కుతుందా? లారీలు తోలుకునేవాళ్ళకి ఇలాంటి బండ్లిస్తే ఇలాగే తగలడుతుంది.”

షెడ్డంతా నవ్వింది. నవ్వుతారని తెలిసే అన్నాను.

అతను తలొంచుకున్నాడు. చిన్నగా, “ఫోర్‌మన్ గారండీ, ఒక్క మాటండి. ఎర్ర లైటు పూజకి ముందు నుంచే వస్తోందండి. బండి ఇంటికొచ్చిన మొదటి రాత్రే వచ్చిందండి. ఒకసారి ఇంటిదాకా వచ్చి చూస్తారేంటండి?” అన్నాడు.

ఆ మాట విన్నాను. చెవులతో విన్నాను. పూజకి ముందే లైటు ఎర్రగా ఉంటే తప్పు కుంకుమది ఎలా అవుతుంది? ఒకటో క్లాసు పిల్లాడికైనా తడుతుంది. పదిహేను మంది నవ్వుతుంటే నాకు తట్టలేదు.

“నాకు పాఠాలు చెప్తావా?” అన్నాను.

బ్రష్షు పెట్టి శుభ్రం చేయించి, మా షెడ్డులో సాకెట్టుకి ప్లగ్గు పెట్టాను. పచ్చ లైటు. “చూశావా?” అన్నాను గొప్పగా. మా షెడ్డులో ఎర్తు నేనే దగ్గరుండి వేయించాను. గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు పోసి పైపు దింపించాను. ఏ బండి పెట్టినా పచ్చగానే వెలుగుతుంది. అంటే నేను పరీక్ష చేసింది నా సాకెట్టుని, మిల్లు వాళ్ళ ఇంటి సాకెట్టుని కాదు.

తర్వాత జాబ్‌కార్డు, అంటే బండిలో ఏం చూశామో ఏం చేశామో రాసే కాగితం, రాశాను. “ఛార్జింగ్ పోర్టులో కుంకుమ. డ్రైవరు నిర్లక్ష్యం. శుభ్రం చేయడమైనది. బండిలో లోపం లేదు.” నాలుగు ముక్కలు, కింద సంతకం. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

వెళ్ళే ముందు అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. ఎడం చెయ్యి మోచేతి దగ్గర ఆనించి, కుడిచేత్తో మర్యాదగా చాచాడు. “పిఠాపురం అమ్మవారి కుంకుమండి. మీకోసమని ఆ రోజే పక్కన పెట్టానండి.”

“అక్కడ పడేసి వెళ్ళు” అన్నాను, తలెత్తకుండా.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వరసలో పెట్టి చెబుతాను.

బండి ఇంటికి వెళ్ళింది, మళ్ళీ ఎర్ర లైటు. ఈసారి మాకు ఫోన్ చేయడానికి డ్రైవరుకి నోరు రాలేదు. మళ్ళీ వస్తే మళ్ళీ తిడతానని భయం. ఓనరు గారు, “ఏంటయ్యా, ఇంకా ఏం చేశావు దాన్ని?” అని అడగడం మొదలుపెట్టారు. మిల్లులో ఒక కరెంటు మేస్త్రి ఉన్నాడు. మోటార్లు, ప్యానెళ్ళు అన్నీ అతనే చూస్తాడు, పనిమంతుడే. డ్రైవరు వెళ్ళి అతన్ని బతిమాలాడు.

ఆ ఇంటి పోర్టికోకి ఎర్తు లేదు. ఒకప్పుడు ఉండేది. రెండేళ్ళ క్రితం నేలకి టైల్స్ పరిచినప్పుడు ఎర్తు గొయ్యి పూడ్చేశారు, తీగ కోసేశారు. మా కోనసీమ దాకా ఈ గోదావరి నేలలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. మంచి ఎర్తు దొరకడానికి ఇంతకంటే అనువైన చోటు దేశంలో ఉండదేమో. అలాంటి నేల మీద ఎర్తు లేకుండా బతుకుతున్నాం, టైల్స్ పాడవుతాయని.

కరెంటు మేస్త్రి గొయ్యి తవ్వలేదు. టైల్స్ పగలగొడితే ఓనరు గారు ఊరుకోరు. సాకెట్టు మూత విప్పి, లోపల ఎర్తు బిగించే చోటికీ న్యూట్రల్ బిగించే చోటికీ మధ్య మూడు వేళ్ళ పొడవు తీగముక్క కలిపేశాడు. ఈ పని మన దగ్గర చాలామంది చేస్తారు. వాషింగ్ మెషీన్లకి చేస్తారు, గ్రైండర్లకి చేస్తారు. పెట్టె మోసపోయింది, ఎర్తు ఉందనుకుంది. పచ్చ లైటు వెలిగింది. ఇంట్లో షాక్ కొడితే కరెంటు తెంపేసే బ్రేకరు ఒకటి ఉండేదట, అది ఊరికే పడిపోతోందని అంతకుముందే పీకేశారు.

ఎర్తు అంటే ఏమిటి? కరెంటు దారి తప్పి బండి ఒంటికి తగిలితే, మనిషిని వదిలేసి నేలలోకి పోవడానికి ఉంచిన దారి. న్యూట్రల్ అంటే పనిచేసి అలిసిన కరెంటు స్తంభం దాకా తిరిగి పోయే దారి. రెండూ ఒకటి చేస్తే, స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున తిరిగి పోయే దారిలేని కరెంటంతా ఆ తీగముక్క మీదుగా బండి రేకులోకి వస్తుంది. పెట్టెలో లైటు ఏ రంగులో ఉన్నా సరే. బండికి నాలుగు రబ్బరు చక్రాలు, నేలలోకి పోలేదు. ఎవరైనా వచ్చి చెయ్యి పెట్టేదాకా అలా కాచుకుని ఉంటుంది.

రెండు వారాల తర్వాత డ్రైవరు నాకు ఫోన్ చేశాడు.

“ఫోర్‌మన్ గారండీ, బండి తలుపు పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడేనండి. మిల్లు మోటార్లు వేసినప్పుడు ఇంకా ఎక్కువగా ఉంటోందండి.”

ఇంతకంటే స్పష్టంగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. జబ్బు, అది వచ్చే వేళ, ఎక్కువయ్యే కారణం, అన్నీ చేతిలో పెట్టాడు.

“ఎర్ర లైటు వస్తోందా?” అన్నాను.

“లేదండి, పచ్చేనండి. మా కరెంటు మేస్త్రి సరిచేశాడండి.”

ఎలా సరిచేశాడు అని అడగాలి. రెండే రెండు మాటలు. అడగలేదు. “మళ్ళీ బొట్లు గానీ పెట్టావా?” అని నవ్వాను. “చెప్పులేసుకుని ముట్టుకో” అన్నాను.

“అలాగేనండి” అన్నాడు.

అతను చెప్పులేసుకోలేదు. బండి కడిగేటప్పుడు ఎవరు వేసుకుంటారు? ఓ పొద్దున్న గాలీ వానా వచ్చి తెరిపిచ్చాక, ఏడింటికి, తడి టైల్స్ మీద వట్టికాళ్ళతో నిలబడి, తడిగుడ్డ పట్టుకున్న కుడిచేత్తో తలుపు పిడి పట్టుకున్నాడు. వైరు ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది. గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ ఊడిపోయి ఉంది.

చెయ్యి పిడికి అతుక్కుపోయింది. అరవడానికి గొంతు రాలేదట. వాకిలి ఊడుస్తున్న ఆవిడ చూసి, ముట్టుకోకుండా, ఉన్నచోటి నుంచే కేకలు పెట్టింది. మిల్లులోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి మెయిను దించారు. ఆవిడ ముట్టుకుని ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు. ఏమీ చదువుకోని ఆవిడకున్న తెలివి, సర్టిఫికెట్లు గోడకి తగిలించుకున్న నాకు లేకపోయింది.

ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన మూడూ ముడుచుకుపోయాయి.

కాకినాడలో ఆసుపత్రికి వెళ్ళాను చూడ్డానికి. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవబోవడం చూసి నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. తిడతాడని వెళ్ళాను. తిట్టి ఉంటే బాగుండేది.

“ఒక్కటి అడుగుతానండి, చేస్తారా?” అన్నాడు.

“చెప్పు.”

“నేను కుంకుమ పెట్టబట్టే బండి చెడిందని, దానివల్లే ఇదంతా అయిందని మిల్లులో అందరూ అంటున్నారండి. మా ఆవిడ కూడా అదే అంటోందండి. అమ్మవారి కుంకుమ చోటుకాని చోట పెట్టావు, అందుకే చెయ్యి తీసుకుందని రాత్రీ పగలూ ఏడుస్తోందండి. ఆ రోజు మీరు అందరి ముందూ తిట్టారు కదండీ. తప్పు కుంకుమది కాదని అందరి ముందే ఒక్క మాట చెప్పండి. మీరు చెప్తే నమ్ముతారండి.”

చెయ్యి పోయింది, ఇక స్టీరింగు పట్టలేడు. అతను అడిగింది ఆ ఒక్క మాట. చెబుతాను అన్నాను.

వారానికి విచారణ పెట్టారు. కంపెనీ నుంచి ఇంజనీరు గారు ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చారు. ఆయన్ని తీసుకుని మేనేజరు గారూ నేనూ మండపేట బయల్దేరాం. దారిలో ఇంజనీరు గారు ముందు సీట్లో నిద్రపోతుంటే మేనేజరు గారు నా వైపు వంగి మెల్లిగా అన్నాడు.

“మీ జాబ్‌కార్డు మనల్ని కాపాడుతుందండి. డ్రైవరు నిర్లక్ష్యమని అప్పుడే రాశారుగా. భలే రాశారు.”

ఆయన కింద పనిచేసినన్నాళ్ళలో నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

పోర్టికోలో అందరం నిలబడ్డాం. ఇంజనీరు గారు సాకెట్టు విప్పించారు. మూడు వేళ్ళ తీగముక్క బయటపడింది. కరెంటు మేస్త్రి మొహం పాలిపోయింది. “ఎర్ర లైటు పోవాలన్నారండి. పోగొట్టానండి” అన్నాడు. అబద్ధమేం కాదు. అతనికి చెప్పిన పని అదే.

ఓనరు గారు గొంతు సవరించుకున్నారు. “మావాడికి తెలియక చేశాడండి. కానీ అసలు గొడవ మొదలైంది డ్రైవరు చేసిన పని వల్లే కదండీ? ఆ కుంకుమ...”

“అవునండి, మా రికార్డులో ఉంది” అని మేనేజరు గారు నా జాబ్‌కార్డు తీసి ఇంజనీరు గారి చేతికిచ్చారు.

అప్పుడు నాకు మొత్తం బొమ్మ కనిపించింది. తప్పు డ్రైవరుదైతే ఎర్తు కోసేసిన ఇల్లు నింద నుంచి బయటపడుతుంది, తీగ కలిపిన మేస్త్రి బయటపడతాడు, ఇల్లు చూడకుండా బండి అమ్మిన షోరూమ్ బయటపడుతుంది, సంతకం పెట్టిన నేనూ బయటపడతాను. అందరం క్షేమం. కాకినాడలో మంచం మీద ఉన్నవాడు తప్ప అందరం. అక్కడ లేనివాడూ నోరెత్తనివాడూ అతనొక్కడే, అందుకే అందరి వేలూ అటే తిరిగింది. దానికి కావలసిన నాలుగు ముక్కలు అందంగా రాసిపెట్టింది నేను.

“ఆ కార్డు తప్పండి” అన్నాను.

ఇంజనీరు గారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. మేనేజరు గారు నా మోచెయ్యి పట్టుకుని, “మీకింకా ఐదు నెలలే ఉందండి సర్వీసు. ఆవేశపడకండి” అని గొణిగారు.

ఆవేశపడ్డాను. పూజకి ముందే ఎర్ర లైటు వచ్చిందని డ్రైవరు చెప్పాడనీ, విని కూడా రాయలేదనీ చెప్పాను. బండిని మా షెడ్డులో నా సాకెట్టుకి పెట్టి చూశాను గానీ ఈ సాకెట్టు చూడలేదని చెప్పాను. చెయ్యి జిల్లుమంటోందని ఫోన్ చేస్తే వెటకారం చేశానని చెప్పాను. తర్వాత, ఆ ఉదయం ఫైల్లోంచి తీసి జేబులో పెట్టుకున్న తనిఖీ ఫారం తెరిచాను. “ఎర్తు ఉందా? ఉంది” అని టిక్కు, కింద నా సంతకం. “ఈ గుమ్మంలో నేను అడుగుపెట్టడం ఇదే మొదటిసారండి” అన్నాను.

అక్కడ నేను ఆశించింది ఏమిటంటే, ఎవరో ఒకరు గట్టిగా అరుస్తారని. నా మీదైనా సరే. ఎవరూ అరవలేదు. ఇంజనీరు గారు ఫారం ఫోటో తీసుకున్నారు. ఓనరు గారి ఇంట్లోంచి కాఫీలు వచ్చాయి. అందరూ తాగారు.

రిపోర్టు వచ్చింది. “ఇంటి వైరింగులో లోపం వల్ల ప్రమాదం.” ఇల్లు ఎవరు చూడాలి, ఎందుకు చూడలేదు, ఒక్క ముక్క లేదు. ఫారం గురించి మాట లేదు. నాకు మాత్రం “అజాగ్రత్తగా సంతకం చేసినందుకు” ఒక మెమో. అది న్యాయమే, తీసుకున్నాను. మేనేజరు గారికి ఇంకో పెద్ద షోరూమ్‌కి ప్రమోషను. ఇది మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. జాబ్‌కార్డులో నా మాట కొట్టేయమని రెండుసార్లు ఉత్తరం పెట్టాను. కంప్యూటర్లో ఒకసారి ఎక్కిన కార్డు మార్చడం కుదరదన్నారు. వేళ్ళు కోసేయడం కుదిరింది గానీ వాక్యం కోసేయడం కుదరలేదు.

డ్రైవరుకి మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇచ్చారు. లారీలు వస్తే ఎడంచేత్తో గేటు తీస్తాడు. కుంకుమ సంగతి మాత్రం మిల్లు హమాలీల నోళ్ళలో అలాగే ఉండిపోయింది. పోర్టికోలో నేను చెప్పిన మాట పోర్టికో దాటలేదు.

నా ఆఖరి రోజున షెడ్డులోనే సన్మానం పెట్టారు. మిక్చరు, స్వీటు, శాలువా. ప్రమోషను మీద వెళ్ళిన మేనేజరు గారు కూడా వచ్చారు. ఆ రోజు నవ్వినవాళ్ళలో కస్టమర్లు తప్ప అందరూ ఉన్నారు. నేను ముందే ఫోన్ చేసి డ్రైవర్ని భార్యతో సహా రమ్మన్నాను, మిల్లు నుంచి వీలైనవాళ్ళని వెంటబెట్టుకు రమ్మన్నాను. మండపేట బస్సులో నలుగురు వచ్చారు, కరెంటు మేస్త్రి కూడా. డ్రైవరు కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకుని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మాట్లాడాను.

“ఇదే షెడ్డులో, ఇదిగో ఈ సర్వీసు పిట్టు పక్కనే, అదిగో ఆ గోడ దగ్గరున్న మనిషిని కుంకుమ పెట్టాడని తిట్టాను. మీరందరూ నవ్వారు. తప్పు కుంకుమది కాదు. అది పెట్టక ముందే అక్కడ ఎర్తు లేదు. అది చూడాల్సినవాణ్ణి నేను, చూడకుండా సంతకం పెట్టినవాణ్ణీ నేనే. బండి గురించి మా అందరికంటే ఎక్కువ తెలుసుకున్నది అతను. నిజం చెప్పినవాడు అతను. ఆ చెయ్యి తీసుకున్నది అమ్మవారు కాదు, నేనూ నాలాంటివాళ్ళూ. అమ్మా, మీరు కూడా వినండి, మీ ఆయన ఏ అపచారమూ చేయలేదు.”

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరెంటు మేస్త్రి నేల చూస్తున్నాడు. నేను ఇంకా చెప్పాల్సింది ఉంది, ఫారం మీద ముందే టిక్కులు పెట్టి ఇచ్చినవాళ్ళ సంగతి ఉంది. కానీ మేనేజరు గారు ఉపన్యాసం అయిపోయినట్టు గబగబా చప్పట్లు మొదలుపెట్టాడు. అలవాటుగా అందరూ కొట్టారు. ఆ చప్పట్ల మీద నా గొంతు చాల్లేదు. ఆ మేనేజరు మీద అరవడానికి నాకు మిగిలిన ఆఖరి అవకాశం కూడా అలా పోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, ఇక్కడ ఎవరూ మధ్యలో చప్పట్లు కొట్టలేరు కాబట్టి.

పిల్లలూ, లైటు రంగు మార్చడానికి కాదు మీకు జీతం ఇచ్చేది. ఆ ఎర్ర లైటు ఎవరో ఒకరి గురించి భయపడి వెలుగుతోంది, ఎవరి గురించో కనుక్కోండి. ఇల్లు చూడకుండా సంతకం పెట్టమన్న మేనేజరు మీద అరవండి. తలొంచుకుని నిజం చెప్పే డ్రైవరు మీద కాదు.

జనం స్వీట్ల వైపు వెళ్ళాక డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. చొక్కా జేబులో తడుముకుని చిన్న కాగితం పొట్లం తీశాడు. చాచబోయి, ఆగి, కుడిచెయ్యి తువ్వాలు కిందనుంచి తీసి ఎడం మోచేతికి ఆనించాడు.

“పిఠాపురం వెళ్ళొచ్చామండి” అన్నాడు. “ఎడంచేత్తో ఇస్తున్నానండి, ఏమనుకోకండి.”

రెండు చేతులూ పట్టి తీసుకున్నాను.